నర్సంపేట పోయిన కుడి చెప్పు

మొదటిసారి కీమో ఎక్కించుకొని ఇంటికొచ్చిన మర్నాడు, మా ఇల్లంతా కరెంటు పాసవుతోందని నేను గట్టిగా వాదించాను. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జిల్లుమని గుంజింది. పొద్దున్నే వరండా గ్రిల్ ముట్టుకుంటే గుంజింది. వంటింట్లో నల్లా తిప్పి చేయి పెడితే మోచేతి దాకా సూదులు దిగాయి. మా ఆయన నీటిపారుదల శాఖలో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి, ఏదైనా పద్ధతి ప్రకారం చెయ్యాలంటాడు. మెయిన్ స్విచ్ ఆపేసి, మా సందు మలుపులో ఉండే ముసలి ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకొని వచ్చాడు.

ఆయన మెయిన్ మళ్ళీ వేయించి, టెస్టర్ పెట్టి ఫ్రిజ్ చుట్టూ చూశాడు, గోడలు చూశాడు, నల్లాలు కూడా చూశాడు. ఎక్కడా లైటు వెలగలేదు. ప్లగ్ పీకేసి, ఇప్పుడు ముట్టుకొమ్మన్నాడు. ముట్టుకున్నాను. మళ్ళీ గుంజింది. ఆయన ముట్టుకుంటే ఏమీ లేదు. మా అత్తమ్మ ముట్టుకుంది, ఆమెకూ ఏమీ లేదు. ఇంతలో దాహమై, అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసు అందుకోబోయి కెవ్వుమని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ గ్లాసును ఎలక్ట్రీషియన్ కాసేపు అనుమానంగా చూసి, టెస్టర్ మొనను మజ్జిగలో ముంచాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "అమ్మా, కరెంటు ఫ్రిజ్జుల లేదు, గోడల లేదు, మజ్జిగల లేదు. ఉంటే నీలనే ఉండాలె." ఇంకెవరూ తాగేలా లేరని ఆ మజ్జిగ ఆయనే తాగి వెళ్ళిపోయాడు.

అంతకు ముందు చలికాలంలో నా పెద్దపేగులో గడ్డ ఉందని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ తర్వాత కీమో మాత్రం హన్మకొండలోనే ఒక దవాఖానలో ఎక్కించుకోవచ్చన్నారు. కొన్ని వారాలకొకసారి సెలైన్‌లా ఎక్కించే మందు, మధ్యలో మాత్రలు. చల్లటివి తాగొద్దు, చల్లటివి ముట్టుకోవద్దు అని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. ఆ మాటను నేను జలుబు చేస్తుందని చెప్పినట్టుగా విన్నాను. ఆ మందు నరాల మీద పనిచేస్తుందని, చలి తగిలితే అవి అలా కేకలు పెడతాయని ఎలక్ట్రీషియన్ వచ్చిపోయాక ఫోన్ చేస్తే గానీ నాకు అర్థం కాలేదు. నేను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని. నరాల పాఠం ప్రతి ఏడూ చెప్తాను. బొమ్మ వేసి భాగాలు గుర్తించమంటాను.

అది ఎండాకాలం. వరంగల్ ఎండల్లో చల్లటివి ముట్టుకోకుండా బతకడమంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటిల్లిపాదీ ఐసు నీళ్ళు తాగుతుంటే నేను ఫ్లాస్కులోంచి వేడి నీళ్ళు ఊదుకుంటూ తాగాను. ఒకరోజు మరిచిపోయి కుండలో నీళ్ళు ఒక్క గుక్క మింగితే గొంతులో ఎవరో తలుపేసి గొళ్ళెం పెట్టినట్టయింది. ఊపిరి ఆడుతూనే ఉంది, కానీ ఆడుతోందని నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది. ఫ్రిజ్ తియ్యాలంటే చేతులకు ఏదైనా తొడుక్కోవాలి. ఉన్ని గ్లౌజులు కొనుక్కొస్తానని మా ఆయన చౌరస్తాకు బయల్దేరాడు.

ఆ ఎండల్లో ఉన్ని గ్లౌజులు అడిగిన మనిషిని దుకాణం వాళ్ళు వింతగా చూస్తారు కదా. ఒకాయన గోదాంలోంచి వెతికి తీసిస్తూ, కాశ్మీర్ పోతున్నారా సార్ అని అడిగాడట. నా జబ్బు సంగతి బజారులో చెప్పడం ఇష్టంలేక మా ఆయన అవునన్నాడు. ఆ దుకాణాయన తోడల్లుడు మా సందులోనే ఉంటాడని మాకు తెలియదు. సాయంత్రానికల్లా మేం కాశ్మీర్ వెళ్తున్నామని సందంతా తెలిసిపోయింది. ఎదురింటామె వచ్చి, తన కోడలికి ఏడో నెల, వచ్చేటప్పుడు అసలైన కుంకుమపువ్వు జర తెచ్చిపెట్టమంది. నేను చేతులకు గ్లౌజులు, కాళ్ళకు సాక్సులు వేసుకొని కూర్చొని ఉన్నాను కాబట్టి ప్రయాణం దగ్గర పడిందనే ఆమె అనుకుంది. మా ఆయన చెప్పలేక, ఆన్‌లైన్‌లో కుంకుమపువ్వు తెప్పించి, వారం రోజులు దాన్ని బీరువాలోనూ మమ్మల్ని ముందు తలుపు వెనకా దాచి, ఆ తర్వాత ఆమెకిచ్చాడు. కాశ్మీర్‌లో చలి ఎలా ఉందని ఆమె అడిగితే, మా అత్తమ్మ మంచం మీదినుంచే, ఇక్కడికంటే జర నయమని జవాబు చెప్పింది.

వానాకాలం చివర్లో కీమో అయిపోయింది. అందరూ వచ్చి పీడా పోయిందన్నారు. స్కూల్లో తోటి టీచర్లు శాలువా కప్పారు. చలి తగిలితే గుంజడం కూడా నెమ్మదిగా తగ్గింది. ఇక అంతా సర్దుకుంటుందనుకున్న సమయంలో నా కాళ్ళు మాయమవడం మొదలైంది.

ముందు వేళ్ళు పోయాయి, తర్వాత పాదాలు. కనిపిస్తూనే ఉంటాయి, కానీ నావి కావు. నేల మీద నడుస్తుంటే మధ్యలో ఎవరో దూది పరుపు పరిచినట్టు ఉండేది. పడుకుంటే మాత్రం అవే పాదాలు మిరపకాయల్లో ముంచినట్టు మండేవి. తాకితే తెలియని కాలు మండితే మాత్రం ఎలా తెలుస్తుందని అత్తమ్మ అడిగింది. చేతివేళ్ళు కొంచెం నయం, అయినా బొత్తాలు, హుక్కులు, సూదులు, ఇలాంటి చిన్నవేవీ దొరికేవి కావు.

డాక్టరు నన్ను కళ్ళు మూసుకోమని, కాలి బొటనవేలు పట్టుకొని పైకో కిందికో కదిపి, ఎటు ఉందో చెప్పమన్నాడు. నేను ప్రతిసారీ నమ్మకంగా చెప్పాను. పైకి, కిందికి, మళ్ళీ పైకి. కళ్ళు తెరిచి చూస్తే మా ఆయన ముఖం వాడిపోయి ఉంది. ఒక్కటీ సరిగా చెప్పలేదట. రెండే జవాబులున్న పరీక్షలో, కళ్ళు మూసుకొని గుడ్డిగా రాసినా సగం మార్కులొస్తాయి. నాకు అవీ రాలేదు. మందు ఆపేశాక కూడా కొంతకాలం నరాల దెబ్బ పెరుగుతుందని, ఆ తర్వాత మెల్లగా తగ్గవచ్చని, ఎంత తగ్గుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరని డాక్టరు అన్నాడు. మంట తగ్గడానికి ఒక మాత్ర రాశాడు. వట్టి కాళ్ళతో నడవొద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకోవాలి, స్నానం నీళ్ళు వేరేవాళ్ళు చూసి పొయ్యాలి, రోజూ సాయంత్రం పాదాలు తిప్పి దెబ్బలేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి అన్నాడు.

సాయంత్రం పాదాల పరిశీలన మా అత్తమ్మ తీసుకుంది. నేను సోఫాలో కాళ్ళు చాపి కూర్చుంటే, ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని, టార్చి వేసి, బెండకాయలు ఏరినట్టు ఒక్కొక్క వేలూ వంచి చూసేది. కోడలి కాళ్ళు అత్త పట్టుకోవడం చూసి ఎదురింటామె గుమ్మంలోనే ఆగిపోయింది. మా ఇంట్లో ఏదో నోము నడుస్తోందనుకుందట.

జాకెట్టు హుక్కులు మా ఆయన వంతు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ పని దిక్కు చూసి ఎరగడు. ఇప్పుడు రోజూ పొద్దున పేపరు చదివే అద్దాలు పెట్టుకొని, ఊపిరి బిగబట్టి, కింది నుంచి పైకి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చేవాడు. చివరికొచ్చాక ఒక హుక్కు మిగిలేది, కాజా ఉండేది కాదు. మళ్ళీ మొదటి నుంచి. చీర కుచ్చిళ్ళకు పిన్ను పెట్టిన రోజు, బాగా కుదిరిందని మురిసిపోయి పక్కకు జరిగితే నేను కూడా ఆయనతో పాటు జరిగాను. పిన్ను నా చీరనూ ఆయన చొక్కానూ కలిపి పట్టుకుంది. నా వేళ్ళకు అది దొరకదు, ఆయన అద్దాలు టేబుల్ మీద ఉన్నాయి. మేమిద్దరం అలాగే పక్కపక్కన నడుచుకుంటూ అత్తమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె విడదీస్తూ, పెండ్లి నాడు గూడ మీరిద్దరు ఇంత దగ్గర నిలవడలే అంది.

వంటింట్లో నాకు భయపడాల్సిన ఒక బలం వచ్చింది. పొయ్యి మీది గిన్నెను పటకారు లేకుండా దించేసేదాన్ని. ఒకసారి చేతిలో గిన్నె పట్టుకొని తీరుబడిగా మాట్లాడుతుంటే, అత్తమ్మ నా చేతి మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించింది. అరచేతిలో పొక్కు లేచాకే అది వేడి గిన్నె అని నాకు తెలిసింది. ఆ రోజు నుంచి పొయ్యి దగ్గరికి నన్ను రానివ్వలేదు.

స్కూలుకు వెళ్ళడం మొదలుపెట్టాక, ఒకరోజు చేతిలోని పుస్తకం చూస్తూ బోర్డు మీద చాలాసేపు రాశాను. వెనక్కి తిరిగితే తరగతి మొత్తం నిశ్శబ్దంగా బోర్డు వైపే చూస్తోంది. బోర్డు మీద మొదటి మాట తప్ప ఏమీ లేదు. చాక్‌పీసు ఎప్పుడో జారి కింద పడింది. నేను ఉత్త వేళ్ళతో మొత్తం పాఠం రాశాను. ఎందుకు చెప్పలేదని అడిగితే, ఇది కొత్త పద్ధతేమో అనుకున్నామన్నారు పిల్లలు.

చెప్పు సంగతి జరిగింది ఆ చలికాలంలోనే. మా స్కూల్లో లెక్కల టీచరు బిడ్డ పెళ్ళి, నర్సంపేట రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో. నేను పట్టుచీర కట్టుకొని, దాని కింద తెల్ల సాక్సులు, వెనక పట్టీ ఉన్న నల్ల చెప్పులు వేసుకొని వెళ్ళాను. అక్షింతలు వెయ్యడానికి స్టేజీ ఎక్కాలంటే మెట్ల దగ్గర చెప్పులు విడవాలి. విడిచి, సాక్సులతోనే ఎక్కి, అక్షింతలు వేసి, ఫోటో దిగి, కిందికి వచ్చాను. అప్పటికే జనం భోజనాల వైపు తోసుకుంటున్నారు, చెప్పులన్నీ కలగాపులగమయ్యాయి. దొరికినవి తొడుక్కొని, పట్టీలు అతికించుకొని, పార్కింగ్ దాకా నడిచాను.

నడుస్తుంటే కుడివైపు ఎత్తుగా, ఎడమవైపు పల్లంగా ఉంది. అడుగడుక్కీ పడవలో ఉన్నట్టు ఊగుతున్నాను. స్కూటర్ దగ్గర నిలబడ్డ మా ఆయన దూరం నుంచే చూశాడు.

"కుంటుతానవేంది?" అన్నాడు.

ఏమో, పొద్దున బాగానే ఉన్నాను అన్నాను. నొప్పి ఉందా అంటే ఏమీ తెలియడం లేదన్నాను. ఆయన ముఖంలో రంగు మారింది. నరాల జబ్బు కండరాల్లోకి దిగిందేమో, కుడికాలు పొడుగైందేమో, లేకపోతే ఎడమకాలు కుంచించుకుపోయిందేమో అని ఇద్దరం అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం. నేను జీవశాస్త్రం టీచర్ననే మాట ఇక్కడ మళ్ళీ గుర్తు చెయ్యను. ఆయన నన్ను రోడ్డు పక్కన అటూ ఇటూ నడిపించి, ఫోన్‌లో వీడియో తీసి, డాక్టరుకు పంపించాడు. పట్టుచీర నేలను రాస్తూ ఉంది కాబట్టి వీడియోలో పాదాలు కనపడలేదు. స్కూటర్ మీద వెనక కూర్చొని ఆయన భుజం పట్టుకున్నాను. పట్టుకున్నట్టు నా చేతికి తెలియలేదు, ఆయన ఒకసారి తన చేత్తో తడిమి చూసుకున్నాడు, నేను పడిపోలేదు కదా అని.

గేటు దగ్గర దిగి ఊగుకుంటూ లోపలికి వస్తుంటే అత్తమ్మ వరండాలో కూర్చొని ఉంది. మా ఆయన ఆమెకు మెల్లగా చెప్పబోయాడు, కాలు పొడుగైనట్టుందమ్మా అని. ఆమె నా కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి చూసింది.

"కాలు గాదు బిడ్డా. చెప్పు."

ఎడమకాలికి నా నల్ల చెప్పు, చదునుగా. కుడికాలికి మెరూన్ రంగు చెప్పు, మూడు వేళ్ళ మందాన మడమతో. అదీ వెనక పట్టీ ఉన్నదే. సాయంత్రం డాక్టరు దగ్గరి నుంచి మెసేజ్ వచ్చింది, ఇది కొంచెం ఆందోళన కలిగించే విషయమే, రేపు పొద్దున్నే తీసుకురండి, వెన్నుపూస స్కాన్ చేద్దాం అని. మా ఆయన కూర్చొని ఇంగ్లీషులో జవాబు రాయడానికి చాలా అవస్థ పడ్డాడు. చివరికి, సార్, సమస్య వేరొక స్త్రీ చెప్పు వల్ల వచ్చినది, ఇప్పుడు తొలగించాము, అని పంపించాడు. డాక్టరు బొటనవేలు బొమ్మ పెట్టాడు.

ఆ మెరూన్ చెప్పు ఫోటోను పెళ్ళికూతురి తల్లికి పంపితే, ఆమె పెళ్ళి కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపులో వేసింది. కొన్ని రోజులు ఎవరూ పలకలేదు. ఒకతను మాత్రం ఒంటి చెప్పు అమ్మకానికా అని అడిగాడు. ఆ తర్వాత నాకొక వాయిస్ మెసేజ్ వచ్చింది. కొంచెం బొంగురు గొంతు.

"టీచరమ్మా, ఆ మెరూన్ చెప్పు నాదే. మీ ఫోటో సూసి నా కాళ్ళు సూసుకుంటే ఒకటి నల్లగుంది. పెండ్లి కాడికెల్లి గిదే ఏసుకొని తిరుగుతాన. బ్యాంకు పోయిన, దావత్ పోయిన, ఎవ్వలు జెప్పలే. నాకు తెల్వది. కీమో సంది నా కాళ్ళు గిట్లనే ఉన్నయి."

ఆ చివరి మాట కోసం మళ్ళీ పెట్టుకొని విన్నాను. నాతో పాటు దవాఖానలో మందు ఎక్కించుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ అక్కడ అందరం ఒళ్ళు తెలియకుండా పడి ఉండేవాళ్ళం. కాళ్ళు మాయమైన మనిషి ఇంకొకరున్నారని నాకు ఎవరూ చెప్పలేదు. ఆమెది ఏ ఊరో అడిగి తెలుసుకొని, మా ఆయనతో, నర్సంపేట పోదాం పద అన్నాను.

ఆమెది బజారులో గాజుల దుకాణం. నాకంటే కొంచెం పెద్దది, తల మీద కొంగు కప్పుకొని, గోడ నిండా గాజుల మధ్య ఎత్తు కుర్చీలో కూర్చొని ఉంది. కొన్నేళ్ళ కింద రొమ్ములో గడ్డకు వైద్యమైందట. జబ్బు పోయింది, కాళ్ళు కూడా దాంతో పాటే పోయాయి అంది. నన్ను చూడగానే ముందు ముఖం వైపు చూడలేదు, నా పాదాల వైపు చూసింది. నేనూ ఆమె పాదాలే చూశాను. ఇద్దరం సాక్సులతో ఉన్నాం.

చాయ్ తెప్పించింది. అది వేడిగా ఉందో లేదో మా ఆయనను ముందు తాగి చెప్పమంది. ఆమె కుడికాలు అస్సలు పలకదట, ఎడమది కొంచెం నయం. "కుడిది ఇల్లటం అల్లుడు" అంది. "పని జెయ్యడు, ఉలకడు పలకడు, కని రోజు మనమే మంచిగ అర్సుకోవాలె. లేకుంటె అలుగుతడు." నేను కీమో మొదలైనప్పటి నుంచి అంతగా నవ్వలేదు. కళ్ళు తుడుచుకోబోతే, పక్కనున్న అద్దాల గాజులు తగిలి ఒక వరుస కింద పడింది. ఆమె ఏమీ అనుకోలేదు, తన చేతుల్లోంచి ఇంతకంటే ఎక్కువే పడుతుంటాయంది.

డాక్టరు చేసిన బొటనవేలి పరీక్ష గురించి చెప్పాను. తనకూ చేశారంది. ఎన్ని మార్కులొచ్చాయని అడిగితే, నీకంటే ఎక్కువే అంది. చూద్దామన్నాను. కుర్చీలు ఎదురెదురుగా వేసుకొని, సాక్సులు తీసి, ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఆమె వేలు పట్టుకొని కదిపాను. కానీ నా వేళ్ళకు నేనేం పట్టుకున్నానో తెలియదు. పట్టుకున్న వేళ్ళకూ తెలియదు, పట్టించుకున్న వేలికీ తెలియదు. ఆమె పైకంటుంది, నేను అవునంటాను, పక్కనుంచి మా ఆయన, మీరు పట్టుకుంది బొటనవేలు కాదు, పక్క వేలు అంటాడు. మళ్ళీ మొదటి నుంచి. తర్వాత నా వంతు.

ఇంతలో గాజులు కొనడానికి పక్క ఊరి నుంచి ఒకామె వచ్చింది. కాసేపు నిలబడి చూసి, ఇదేం జాతకం అని అడిగింది. జాతకం కాదు, నరాలు చూసుకుంటున్నామని దుకాణం అక్క చెప్పింది. అయితే తనకూ చూడమని ఆమె గాజుల సంగతి మరిచిపోయి కూర్చుంది. కళ్ళు మూసుకొని కాలు చాపింది. పైకి, కిందికి, కిందికి, పైకి. అన్నీ సరిగా చెప్పింది. నేను గబుక్కున కదిపి మోసం చెయ్యాలని చూసినా దొరకలేదు. మేమిద్దరం ఆమెను అలాగే చూస్తూ ఉండిపోయాం. పొలం పనికి పోయి వచ్చి పగుళ్ళు తేలిన కాలు, ప్రతి వేలూ ఎక్కడుందో దానికి తెలుసు. ఇంతకూ నాకేం రోగమున్నట్టు అని ఆమె అడిగింది. ఏమీ లేదు, మస్తుగున్నవ్ అని చెప్పి, అక్క ఆమెకు గాజులు తొడిగి పంపించింది. ఆమె తృప్తిగా వెళ్ళింది.

ఆమె వెళ్ళాక అక్క తన కుడి పాదం అడుగు తిప్పి చూపించింది. మడమ నుంచి వేళ్ళ దాకా నున్నగా, మెరుస్తున్న తోలు. వైద్యమైన ఏడాది ఎండాకాలంలో, డాబా మీద మిరపకాయలు ఎండబోసి, మిట్టమధ్యాహ్నం వట్టి కాళ్ళతో నిలబడి పక్కింటామెతో ముచ్చట పెట్టిందట. దిగి వచ్చాక నేల మీద తడి అడుగులు పడుతుంటే నీళ్ళెక్కడివని వెతికిందట. పాదం తోలు ఊడి వస్తోంది. నెలల తరబడి దవాఖానలో ఉంది. మా ఆయన అక్కడి నుంచి లేచి వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

నాకు అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట నోటికొచ్చింది. గడ్డ ఉందన్నప్పుడు కూడా ఇంత భయపడలేదక్కా, ఇప్పుడు రోజూ భయమైతాంది అన్నాను. నా ఒంటికి ఏం జరుగుతున్నా నాకు చెప్పేవాళ్ళు లేనట్టుంది అన్నాను.

ఆమె సాక్సు తొడుక్కుంది. "భయం నాకు గూడ పోలే చెల్లె. కని రోజు భయపడాల్నంటె తీరిక ఉండాలె గద. దుకాణం జూసుకోవాలె. అందుకే పొద్దుగూకినంక కాళ్ళు సూసుకునేటప్పుడు భయపడుత. సూసుడు అయిపోంగనె బంద్ జేస్త."

బయల్దేరేటప్పుడు, మా ఇద్దరి చేతుల మీద నమ్మకం లేక, చెప్పుల మార్పిడి మా ఆయనకు అప్పగించాం. ఆయన పద్ధతి మనిషి కదా. మా కవరు ఆమెకు, ఆమె కవరు మాకు. బస్సులో కవరును ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఇంటికొచ్చి విప్పితే మెరూన్ చెప్పే ఉంది. రెండూ ఒకే రంగు కవర్లు, బల్ల మీద పక్కపక్కన పెట్టాడట. నర్సంపేటకు ఫోన్ చేస్తే అక్క నవ్వాపుకోలేక ఫోన్ పెట్టేసింది. వచ్చే శుక్రవారం దుకాణం బంద్, తనే వస్తానని తర్వాత చెప్పింది.

అట్లా మొదలై ఆమె తరచూ రావడం అలవాటైంది. వచ్చినప్పుడల్లా ఇద్దరం చెరువు కట్ట మీద నడిచేవాళ్ళం. నడక మంచిదని డాక్టరు చెప్పాడు, కానీ మాకు నేల తెలియదు కాబట్టి తల వంచి, కళ్ళతో పాదాలను కనిపెట్టుకుంటూ అడుగు తీసి అడుగు వెయ్యాలి. ఒక సాయంత్రం అట్లా నడుస్తుంటే, వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దాయన మా పక్కన ఆగి తనూ కిందికి చూడటం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి చేరారు. ఫోన్‌లో లైటు వేసి గడ్డిలో కూడా వెతికారు. కాసేపటికి ఆ పెద్దాయన, ఏం పోయిందమ్మా, బంగారమా అని అడిగాడు.

"కాళ్ళు" అంది అక్క.

ఆయన ఆమె కాళ్ళ వైపు చూసి, మళ్ళీ ఆమె ముఖం వైపు చూసి, తన దారిన తను వెళ్ళిపోయాడు. మిగతా ఇద్దరు కాళ్ళ పట్టీలు అని విన్నారేమో, ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఏడాది దాటింది. వేళ్ళు మెల్లగా తేరుకున్నాయి. హుక్కులు ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నాను. మా ఆయన ఆ పని నేర్చుకున్నందుకు కొన్నాళ్ళు పక్కనే నిలబడి పర్యవేక్షించాడు. పాదాలు మాత్రం అట్లాగే ఉండిపోతాయని మనసును సిద్ధం చేసుకుంటున్నాను. మొన్న ఒక ఆదివారం, పెరట్లో జామచెట్టు కింద కుర్చీ వేసుకొని, సాక్సులు తీసి పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఎడమకాలి చిటికెనవేలి దగ్గర చురుక్కుమంది. రోజూ వచ్చే మంట కాదు. ఒక చోట, ఒకే చుక్కలో. వంగి చూశాను. ఒక ఎర్రచీమ వేలిని పట్టుకొని తలకిందులుగా నిలబడి ఉంది.

నేను దాన్ని దులపలేదు. ఇంట్లోకి వినపడేలా, నన్ను చీమ కుట్టిందని పిలిచాను. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు, అత్తమ్మ కర్ర పట్టుకొని వచ్చింది. ముగ్గురం వంగి ఆ చీమను చూశాం. నొస్తుందా అని ఆయన అడిగాడు. మస్తు నొస్తుందన్నాను. ఆయన అక్కడే జామచెట్టును పట్టుకొని నిలబడిపోయాడు. ఎప్పుడూ చీమల మందు చల్లే అత్తమ్మ, అది తనంతట తను దిగిపోయేదాకా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. తర్వాత లోపలికి వెళ్ళి రవ్వ వేయించింది. ఎదురింటికి కూడా గిన్నెడు కేసరి పంపించింది. ఏం విశేషమని వాళ్ళడిగితే, కోడలికి చీమ కుట్టిందని చెప్పిందట.

నర్సంపేటకు ఫోన్ చేశాను. చెప్పేశాక, చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. ఆమె అడిగింది.

"ఎర్రదా, నల్లదా?"

ఎర్రదని చెప్పాను.

"నా దుకాణంల బోలెడు నల్లయి ఉన్నయి చెల్లె. ఒక్కటి గూడ నా దిక్కు సూడది" అంది. తన కాళ్ళు ఇక రావని ఆమె డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. నాకది తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు. దద్దు ఎంత పెద్దగుందని అడిగింది. మినపగింజంత అన్నాను. పోకముందే వచ్చి చూస్తానంది.

మధ్యాహ్నం బస్సుకే వచ్చింది. అప్పటికి ఎరుపు సగం తగ్గిపోయింది. ఆమె నేల మీద కూర్చొని, మా అత్తమ్మ కళ్ళద్దాలు తీసుకొని పెట్టుకొని, నా కాలును వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది. పక్కనుంచి అత్తమ్మ టార్చి వేసి పట్టుకుంది.